గోడ మీది ప్రభువుకు విన్నపం

శ్రీ ప్రాసెస్ మోడల్ ప్రభువులవారి సముఖానికి, కోయంబత్తూరు శరవణంపట్టి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కూలి సమర్పించుకునే విన్నపం. తమరు మా రిసెప్షన్ వెనక గోడ మీద, అద్దాల ఫ్రేములో, సాఫ్ట్‌వేర్ పని ఏ దశ తరువాత ఏ దశగా జరగాలో చెప్పే నీలం పెట్టెలుగా, బూడిదరంగు బాణాలుగా కొలువై ఉన్నారు. క్లయింట్లు వస్తే ముందు తమరి దర్శనం, తరువాతే కాఫీ. తమరి నీడన ఇన్నేళ్లు అన్నం తిన్నవాళ్లం. తమరి గుణగణాలు కీర్తించకుండా ఊరుకుంటే తిన్న ఉప్పుకు ద్రోహం చేసినట్టు. అందుకని కీర్తిస్తున్నాను, చిత్తగించండి.

ముందుగా మేమెవరమో మనవి చేసుకుంటాను. మా తెలుగు విజయనగరం నాటినుంచి విడతలు విడతలుగా ఈ కొంగునాటికి దిగివచ్చిన తెలుగు. నల్లరేగడిలో పత్తి వేసినవాళ్లది, ఆ పత్తితో మిల్లులు పెట్టినవాళ్లది, ఆ మిల్లుల్లో రాత్రి షిఫ్టు చేసినవాళ్లది, ఊరి వీధులు ఊడ్చిన అరుంధతీయులది కూడా. మాలో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, జీతం ఇంగ్లీషులో. ఈ మూడింటిలో తమరికి వచ్చినది చివరిది ఒక్కటే. కోడ్ ఎక్కడ విరుగుతుందో, ఏ ఫైలు ముట్టుకుంటే ఏది కూలుతుందో మేము చెప్పుకునేది టీ కొట్టు దగ్గర, తెలుగూ తమిళమూ కలిపి. కాబట్టి మా పని నిజంగా ఎలా జరుగుతుందో తమరి చెవిన పడే ప్రమాదం మొదటినుంచీ లేదు. ఇంత నిశ్చింత ఏ ప్రభువుకు దక్కింది?

తమరి పుట్టుకే ఒక మహిమ. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు పెద్ద సాఫ్ట్‌వేర్ పనులు ఎలా నడపాలో ఒక వ్యాసం రాశాడు. అవసరాలు, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ అంటూ మెట్లు మెట్లుగా కిందికి దిగే బొమ్మ ఒకటి అందులో వేశాడు. వేసి, ఇలాగే చేస్తే ప్రమాదం, వైఫల్యాన్ని పిలుచుకున్నట్టే అని తానే రాశాడు. టెస్టింగ్ చివరికి వచ్చేదాకా అసలు చిక్కులు బయటపడవనీ, అప్పటికి డిజైనే మార్చాల్సి వస్తుందనీ వివరించాడు. కొత్త రకం పనైతే ముందొక నమూనా కట్టి చూసుకుని, రెండోసారి కట్టినదే క్లయింటుకు ఇమ్మన్నాడు. తమరి భక్తులు ఎంత ఏకాగ్రచిత్తులంటే, బొమ్మ దగ్గరే కళ్లు మూతపడ్డాయి, కింది వాక్యం దాకా చూపు వెళ్లలేదు. ‘జలపాతం’ అని పేరు పెట్టింది కూడా వాళ్లే, ఆయన కాదు. 1985లో అమెరికా రక్షణశాఖ 2167 అనే ప్రమాణంలో ఆ వరుసనే కాంట్రాక్టర్ల నెత్తిన పెట్టింది. హెచ్చరికతో పుట్టి శాసనంగా పెరగడం తమరికే చెల్లింది.

ఆ తరువాత తమరికి పట్టాభిషేకం జరిగింది. 1987లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన అంతర్జాతీయ సభలో లియోన్ ఆస్టర్‌వైల్ అనే పండితుడు, సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రక్రియ కూడా సాఫ్ట్‌వేరే, దాన్నీ ప్రోగ్రాములాగే రాసి నడపొచ్చని ప్రకటించాడు. గొప్ప ఆలోచన. అదే సభలో మానీ లేమన్ లేచి అభ్యంతరం చెప్పాడు. ముందే దశలుగా రాయగలిగిన భాగం మనకు అప్పటికే తెలిసిన భాగం. కష్టమంతా తెలియనిదాన్ని కనిపెట్టే చోట ఉంటుంది, దాన్ని ముందుగా ఎలా రాస్తారన్నది ఆ బాణీ అభ్యంతరం. ఇన్నేళ్లకు తమరు ఆ వాదాన్ని ఎంత సొగసుగా తీర్చారు! తెలియని భాగానికి తమరి బొమ్మలో ‘డిజైన్ చేయుట’ అని ఒక పెట్టె ఉంది. లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం. లోపల ఏం జరుగుతుందన్నది లోపలివాళ్ల ఖర్మ.

1992లో బిల్ కర్టిస్, మార్క్ కెల్నర్, జిమ్ ఓవర్ కలిసి తమరివల్ల కలిగే ఫలాలను ఐదుగా లెక్కగట్టారు. పని ఎలా సాగుతోందో మనుషులు ఒకరికొకరు చెప్పుకుని అర్థం చేసుకోవడం మొదటిది. పనిని బాగుచేసుకోవడం రెండోది. పనిని అదుపులో నడపడం మూడోది. చేసేవాడికి అడుగడుగునా దారి చూపడం నాలుగోది. కొన్ని పనులు యంత్రమే చేసేయడం ఐదోది. వాళ్లు మొదట పెట్టింది అర్థం చేసుకోవడాన్ని. తమరు దయామయులు. మా కష్టం చూసి మొదటి రెండూ మాఫీ చేసి నేరుగా మూడోదానికి తీసుకెళ్లారు. అర్థం కాని పనిని అదుపులో ఉంచడమనే విద్య పూర్వం మహా యోగులకే తెలిసేది. ఇప్పుడు మా ఆఫీసులో ప్రతి ప్రాజెక్ట్ మేనేజరుకూ తెలుసు.

తమరికి ఐదు మెట్ల గుడి కట్టినవారు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు. అమెరికా వాయుసేన తన కాంట్రాక్టర్లలో ఎవరు సమర్థులో తేల్చుకోవడానికి ఒక కొలత కావాలంది. 1986లో పని మొదలై, వాట్స్ హంఫ్రీ ఆలోచనల మీద 1991లో కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్ బయటికి వచ్చింది. మొదటి మెట్టు మీద గందరగోళం, ఐదో మెట్టు మీద నిత్యం తనను తాను దిద్దుకునే సంస్థ. అడిగినవాడు కొనుగోలుదారు, కొలిచింది అమ్మకందారుని. మన దేశం దాన్ని చూడగానే తన సొంతమని గుర్తుపట్టింది. మెట్లెక్కే అలవాటు పళని కొండనాటినుంచీ మనకున్నదే. 1990ల చివరికి ఐదో మెట్టు జాబితాలో పెద్ద వంతు భారతీయ కంపెనీలదే. 2000లో చెన్నైలో హంఫ్రీ పేరుతో ఒక సంస్థే వెలిసింది. మోడల్ రాసిన దేశంలోనే అప్పట్లో ఐదో మెట్టు మీద అంత జనం లేరంటే, ఆ లోపం వాళ్ల భక్తిదే గాని తమరిది కాదు.

తమరి లీల ఒకటి ఉదాహరిస్తాను. శుక్రవారం సాయంత్రం ఆరు దాటింది. సముద్రాల అవతల క్లయింటు దగ్గర బిల్లింగ్ ఆగిపోయింది. తమరి శాసనం ప్రకారం ముందు మార్పు కోరుతూ అర్జీ పడాలి. దాని ప్రభావం అంచనా వేయాలి. మార్పుల కమిటీ కూర్చోవాలి. ఆమోదం రావాలి. అప్పుడు కోడ్, అప్పుడు రివ్యూ, అప్పుడు టెస్టింగ్, అప్పుడు మళ్లీ ఆమోదం. మదురై నుంచి వచ్చి పీలమేడు హాస్టల్లో ఉంటున్న అమ్మాయి ఒకతె ఆ మాడ్యూల్‌లో మూడేళ్లుగా మునిగి తేలుతోంది. నెలాఖరున ఒక గడి ఖాళీగా వస్తుందని, దాన్ని లెక్కలో ఎవరూ పట్టించుకోలేదని ఆమెకు తెలుసు. సీనియర్‌కు ఫోన్ చేసి నాలుగు వరుసలు చదివి వినిపించింది. ఆయన రెండు ప్రశ్నలు అడిగి “సరే, పెట్టేయమ్మా” అన్నాడు. ఎనిమిదికల్లా బిల్లులు పడ్డాయి. క్లయింటు థ్యాంక్స్ చెప్పాడు, మేనేజరు తమరికి చెప్పాడు.

అసలు పూజ సోమవారం మొదలైంది. అర్జీ పుట్టింది, శుక్రవారం తేదీతో. ప్రభావం అంచనా పుట్టింది, శుక్రవారం తేదీతో. కమిటీ కూర్చున్నట్టు మినిట్స్ పుట్టాయి. ఇక రివ్యూ ఫారం మిగిలింది.

“అన్నా, ఇందులో తప్పులెన్ని దొరికినట్టు వేయాలి?”

“సున్నా వేయొద్దమ్మా, రివ్యూ సరిగా చేయలేదంటారు. పది వేయొద్దు, కోడ్ సరిగా రాయలేదంటారు. మూడు వెయ్.”

“ఏ మూడన్నా?”

“ఒకటి స్పెల్లింగు, ఒకటి కామెంటు. ఇంకొకటి నువ్వే చూసుకో.”

రెండు గంటల పనికి రెండు రోజుల కాగితం. ఆ రెండు రోజుల్లో ఆ అమ్మాయి, ఆ ఖాళీ గడి మళ్లీ రాకుండా మూలంలోనే సరిచేసి ఉండేది. అది తమరి బొమ్మలో లేదు గనక మిగిలిపోయింది. వచ్చే నెలాఖరుకు మళ్లీ బిల్లింగ్ ఆగుతుంది, మళ్లీ తమరికి పూజ జరుగుతుంది. భక్తుల ఇళ్లలో తరచు కష్టాలు కల్పించి పూజలు అందుకునే దేవతలున్నారని వినడమే గాని, ఇంత క్రమం తప్పకుండా చేసేవారిని చూడలేదు.

తేదీ వెనక్కి వేయడాన్ని అపచారమని ఎవరైనా అంటే నమ్మకండి. మా మదురై తెలుగులో దానికి ఘనమైన వంశావళి ఉంది. ‘రాయవాచకము’ అని ఒక వచన గ్రంథం. మదురై ఏలిన విశ్వనాథ నాయకుడి స్థానాపతి, అంటే రాయబారి, విజయనగరంలో ఉంటూ, శ్రీకృష్ణదేవరాయల కొలువులో ఏం జరుగుతోందో తన ప్రభువుకు ఎప్పటికప్పుడు పంపుకున్న నివేదికలాగా అది సాగుతుంది. రాయలు 1529లో పోయాడు. దాన్ని ‘టైడింగ్స్ ఆఫ్ ది కింగ్’ పేరిట 1993లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్ తేల్చిందేమంటే, ఆ రచన దాదాపు 1600 ప్రాంతంలో మదురై నాయకుల కొలువులో పుట్టిందని. అంటే కళ్లతో చూసి రాసినట్టున్న ఆ రిపోర్టు డెబ్బై ఏళ్ల తరువాతది. అయితే ఆ గ్రంథకర్తకు ఒక కారణం ఉంది. విజయనగరం కూలిపోయాక, తమ నాయకుల అధికారం ఎక్కడినుంచి వచ్చిందో తరువాతివాళ్లకు చెప్పుకోవాలి. అందుకోసం రాస్తే తెలుగుకు మంచి వచనం దక్కింది. మేము డెబ్బై ఏళ్లు ఆగం, మూడు రోజులే. మాకు వచనమూ దక్కదు.

ఇలా నటించడానికి శాస్త్ర ప్రమాణం కూడా ఉంది, ప్రభూ. డేవిడ్ పార్నస్, పాల్ క్లెమెంట్స్ 1986లో ఒక వ్యాసం రాశారు. మనుషులు ఏ డిజైనునూ పద్ధతిగా పైనుంచి కిందికి చేయరు, చేయలేరు. తప్పులు చేస్తారు, వెనక్కి వస్తారు, మధ్యలో కొత్త సంగతి తెలుస్తుంది. అయినా చివరికి కాగితం మీద పద్ధతిగా చేసినట్టే రాయండి, నటించండి అన్నారు. ఎందుకట? తరువాత ఆ కోడ్ చదివేవాడికి మన తడబాట్లన్నీ అక్కర్లేదు, తీరైన దారి కనిపిస్తే చాలు కనుక. వాళ్లు నటించమన్నది రేపు చదివేవాడి మేలుకోరి. మేము సగం మాట విన్నాం. నటిస్తున్నాం. చదివేవాడు మాత్రం ఆడిటర్ ఒక్కడే, ఆయనా చదవడు, ఉందో లేదో చూస్తాడు.

తమరి కంట్రోల్ చార్టుల సంగతికొస్తాను. కోయంబత్తూరుకు ఈ విద్య కొత్తది కాదు. పై గీత, కింది గీత గీసి, మధ్యలో పని కొలత ఊగిసలాడితే మామూలే, గీత దాటితే కారణం వెతుక్కోవాలి అనే పద్ధతిని 1924లో వాల్టర్ షూహార్ట్ అమెరికా టెలిఫోన్ పరిశ్రమ కోసం కనిపెట్టాడు. మా ఊళ్లో 1956లో సిట్రా అనే దక్షిణ భారత జౌళి పరిశోధన సంస్థ వెలిసింది. నూలు మిల్లులకు ఇంత దూదికి ఇంత నూలు, ఇన్ని కదురులకు ఇంతమంది అనే లెక్కలు తీసి, మిల్లునూ మిల్లునూ పోల్చి చూపింది. అక్కడ అది పనిచేస్తుంది. ఎందుకంటే రింగ్ ఫ్రేము మీద అదే నంబరు నూలు నిన్నా తీశారు, నేడూ తీస్తున్నారు, రేపూ తీస్తారు. పోగులు ఎక్కువ తెగితే దూదో, గాలిలో తేమో, యంత్రమో మారినట్టు. మా దగ్గర నిన్న రాసిన ప్రోగ్రాము నేడు మళ్లీ రాయరు, కాపీ చేసుకుంటారు. ప్రతిదీ మొదటిసారే, ఒక్కసారే. నిన్నటిది పన్నుల లెక్క, నేటిది ఆసుపత్రి మంచాల లెక్క. ఈ రెండింటి తప్పులనూ ఒకే చార్టు మీద చుక్కలుగా పెట్టి గీతల మధ్య ఉన్నాయని సంతోషించడం తమరి విశాలహృదయం.

ఆ విశాలహృదయం వల్లే ఇంకో వింత జరుగుతోంది. తప్పులు పై గీత దాటితే వివరణ ఇవ్వాలి. కింది గీతకన్నా తగ్గితే కూడా ఇవ్వాలి. తప్పులు లేకుండా రాసినవాడు అనుమానితుడు. అందుకని మా పిల్లలు బాగా నేర్చుకున్నారు. ఎంత బాగా రాసినా, గీతల మధ్యకు సరిపడా తప్పులు ఫారంలో తమరికి నైవేద్యం పెడతారు. మిల్లులో నూలు తెగితే యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి కనిపిస్తుంది, అక్కడ అబద్ధమాడడం కుదరదు. మా దగ్గర తమరి చుక్కలు ఎప్పుడూ గీతల మధ్యే, పూసల దండలా ముచ్చటగా ఉంటాయి. అంత అందం నిజానికి ఎక్కడుంటుంది?

బాధ్యతల పట్టిక విషయంలో తమరిని మా మదురై నాయకులతో పోల్చక తప్పదు. విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి అరియనాథ ముదలియారు కలిసి మదురై కోటకు 72 బురుజులు కట్టించి, దేశాన్ని 72 పాళెములుగా పంచి, ఒక్కో బురుజు రక్షణ ఒక్కో పాళెగాడికి అప్పగించారని ప్రతీతి. శత్రువు ఫలానా బురుజు దగ్గర ఎక్కితే ఎవడి తల పోవాలో ఊళ్లో పిల్లవాడికి కూడా తెలుసు. ఎంత మోటు పద్ధతి! తమరి పట్టికలో వరుసకు ‘బాధ్యులు’, ‘జవాబుదారీ’, ‘సంప్రదించవలసినవారు’, ‘తెలియజేయవలసినవారు’ అని నాలుగు గడులున్నాయి. అడ్డం నిలువూ కలిపి రెండు వందల పైచిలుకు అక్షరాలు నిండి ఉంటాయి. అయినా సర్వర్ పడిపోయిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో వెతికితే దొరికేది ‘టీమ్’ అనే మాట. ఆ మదురై కోటగోడను 19వ శతాబ్దంలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ హయాంలో కూల్చేశారు. తమరి గోడ కూలదు. కాపలాకు ఒక మనిషంటూ లేని గోడను ఎవరు మాత్రం ఎలా కూల్చగలరు?

తమరి మీద తిరుగుబాటు కూడా జరిగింది పాపం. 2001 ఫిబ్రవరిలో అమెరికా యూటాలోని స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో 17 మంది ప్రోగ్రామర్లు కూడి, ప్రాసెస్‌లకన్నా పనిముట్లకన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటలూ మిన్న అని తీర్మానించారు. ఎజైల్ అని పేరు పెట్టారు. తమరు యుద్ధం చేయలేదు, వాళ్లను కొలువులో చేర్చుకున్నారు. ఇప్పుడు ఎజైల్‌కూ ఒక బొమ్మ ఉంది, గుండ్రంగా, అదే నీలంలో. పొద్దున్నే పావుగంట నిలబడి మాట్లాడుకునే ఆచారం ముక్కాలుగంట అయింది, కూర్చోవడానికి వీల్లేదు గనక ఇంకా ఎజైలే. పనికి పాయింట్లు వేసుకుని ఎంత వేగంగా సాగుతున్నామో మాలో మేము చూసుకోవడానికి పెట్టిన కొలత, పైవాళ్ల చార్టెక్కింది. మొన్న మూడు పాయింట్లన్న పనే నేడు ఐదు పాయింట్లు. గ్రాఫు కొండెక్కుతోంది, పని మాత్రం ఉన్నచోటే ఉంది. పని పెరగకుండా వేగం పెరిగే ఈ విద్య భౌతికశాస్త్రానికి ఇంకా అందలేదు.

ఇక తమరి మహిమ తెలియక చెడిపోయినవాళ్ల కథలు రెండు మనవి చేస్తాను. వాళ్లు చెడిపోయింది ఈ కోయంబత్తూరు, మదురైలలోనే.

మొదటివాడు జి.డి. నాయుడు, 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన మన తెలుగాయన. బడి అంటే పడదు. కుర్రతనంలో ఒక తెల్లదొర దగ్గర మోటార్ సైకిల్ చూసి మోజుపడ్డాడు. కొనడానికి డబ్బు లేకపోతే పనికి కుదిరి కూడబెట్టి, చివరికి దాన్నే కొన్నాడు. కొని ఏం చేశాడు? ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించాడు. ముందు ఒక బొమ్మ గీసి, దాన్ని ఆమోదింపజేసి, విప్పడానికి అనుమతి తెచ్చుకోవాలన్న ఇంగితం లేకపోయింది. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచి నుంచి పళనికి తానే డ్రైవరుగా తిప్పాడు. అది యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సు కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే తయారైన మొదటి విద్యుత్ మోటారును బయటికి తెచ్చాడు. ఇంజనీరింగ్ చదువుకు అన్నేళ్లు అక్కర్లేదని, యంత్రం ముందు నిలబెడితే త్వరగా వస్తుందని ప్రభుత్వంతోనే వాదులాడాడు. బస్సు ఎందుకు ఆలస్యమవుతుందో తెలుసుకోవడానికి బస్సు నడిపి చూసే మొరటుతనం ఆయనది. ఐదో మెట్టు మాట దేవుడెరుగు, మొదటి మెట్టు మీద కూడా తమరు ఆయనను నిలబడనిచ్చేవారు కారు.

రెండోవాడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. 1918లో వడమలాపురం పల్లెలో పుట్టాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా, ఆ వేళ్లకు తగ్గట్టు పనిముట్లు చేయించుకుని కంటి ఆపరేషన్లు చేశాడు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టాడు. ఈయన అసలు అపరాధం ఏమంటే, తమరిలాంటి పద్ధతుల మీద ఈయనకు నిజంగానే మోజు. ఏ ఊళ్లో కొన్నా ఒకే రుచితో, ఒకే వేగంతో హాంబర్గర్ ఇచ్చే మెక్‌డొనాల్డ్స్‌ను చూసి, కంటి చూపును అలా ఎందుకు ఇవ్వలేమని అడిగాడు. అడిగి ఊరుకున్నాడా? ఆపరేషన్ గదిలో నిలబడి చూశాడు. సర్జన్ సమయం ఎక్కడ పోతోందో చూశాడు. ఒక రోగిని దించి ఇంకొకరిని ఎక్కించేదాకా సర్జన్ చేతులు ఖాళీ. అందుకని ఒక సర్జన్‌కు రెండు బల్లలు వేశారు. ఒక బల్ల మీద ఆపరేషన్ అవుతుంటే, రెండో బల్ల మీద ఇంకో రోగి సిద్ధంగా ఉంటాడు. ఇది ముగియగానే డాక్టర్ మైక్రోస్కోపు అటు తిప్పుతాడు. మిగతా పనులకు పల్లెటూరి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చారు. చికిత్స వికటించిన కేసుల లెక్కలు దాచకుండా రాసుకుని, వాటిని బట్టి పద్ధతి మార్చుకున్నారు. అక్కడి సర్జన్లు దేశంలో సగటు సర్జన్‌కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శస్త్రచికిత్సలు చేస్తారు, రోగుల్లో ఎందరికో డబ్బు తీసుకోకుండానే.

చూశారా ఆ దుర్మార్గం! ముందు పనిని చూసి, తరువాత బొమ్మ గీసి, బొమ్మ తప్పని తేలితే బొమ్మను మార్చారు. మా దగ్గర అలాంటి అరాచకం లేదు. బొమ్మ తప్పని తేలితే మేము పనిని మార్చేస్తాం, పని మారకపోతే ఫారం మార్చేస్తాం.

తమరి దాయాదులు ఇద్దరున్నారు. వాళ్ల పేరెత్తితే తమరికి కోపం రావచ్చు, అయినా వంశం సంగతి దాచకూడదు. ఒకడి పేరు సిమ్యులేషన్. తారెక్ అబ్దెల్-హమీద్, స్టూవర్ట్ మ్యాడ్నిక్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును సమీకరణాలుగా రాసి కంప్యూటర్ మీద నడిపి చూశారు. గడువు దగ్గరపడితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే తప్పులు పెరుగుతాయి, తప్పులు దిద్దడానికి మళ్లీ సమయం పోతుంది, గడువు ఇంకా దగ్గరపడుతుంది. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్లను దించితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో అనుభవంతో చెప్పిన మాటను వీళ్లు నడిపించి పరీక్షించారు. అది ఎప్పుడు నిజమో, ఎప్పుడు అంతగా కాదో విడదీసి చూపారు. ఈ దాయాది బాణాలు తమరి బాణాల్లా ముందుకే పోవు, తిరిగివచ్చి తగులుతాయి. గడువు కుదరదని ముందే చెబుతాడు గనక ఎవరూ గోడకెక్కించలేదు.

రెండో దాయాది ప్రాసెస్ మైనింగ్. నెదర్లాండ్స్ పండితుడు విల్ వాన్ డర్ ఆల్స్ట్ చేతిలో పెరిగింది. ఇది ఎవరినీ ఏమీ అడగదు. కోడ్ ఎప్పుడు పడింది, టికెట్ ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది యంత్రాలు వాటంతటవే రాసుకున్న చిట్టాలు తీసుకుని, పని నిజంగా ఏ దారిన పోయిందో బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ చిక్కుపడ్డ నూలులా ఉంటుంది, ఫ్రేముకు పనికిరాదు. పైగా దానికి మర్యాద తెలియదు. శుక్రవారం రాత్రి కోడ్ పడిందనీ, ఆమోదం సోమవారం పుట్టిందనీ నలుగురిలో అనేస్తుంది.

ఇంత స్తుతించినందుకు నాలుగు వరాలు కోరుకుంటాను. మూడు నెలలకొక రోజు తమరి పూజారులు, అంటే ప్రాసెస్ గ్రూపువాళ్లు, ఫారాలు పక్కనపెట్టి, పని చేసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని ఊరికే చూడాలి. తమరి బొమ్మను ఆ మదురై అమ్మాయిలాంటివాళ్లు గీయాలి, తమిళంలో గీసినా తెలుగులో గొణిగినా సరే. యంత్రాల చిట్టా నుంచి వచ్చిన చిక్కు బొమ్మను తమరి పక్కనే, అదే సైజు ఫ్రేములో వేలాడదీయాలి. రెండింటికీ మధ్య ఎంత దూరముందో అదే ప్రతి నెల మీటింగు ఎజెండా కావాలి. చివరిగా, తమరి పెట్టెల్లో కనీసం ఒకదాని మీద ‘ఇక్కడ ఏం జరుగుతుందో మాకింకా తెలియదు’ అని రాసుకునే అనుమతి కావాలి. కర్టిస్ బృందం చెప్పిన ఐదు ఫలాల్లో మొదటిది ఆ పెట్టె నుంచే మొదలవుతుంది. అది దక్కితే, తమరిని గోడ దించి బల్ల మీద పరిచి, పెన్సిలు పట్టుకుని తమరితో మాట్లాడుకుంటాం. ప్రభువుకు అది చిన్నతనం కావచ్చు, పటానికి మాత్రం అదే గౌరవం.

ఈ వరాలు ఇవ్వకపోయినా మాకేమీ కోపం లేదు. తమరి కొలువుకు ఏ లోటూ రానివ్వం. ప్రతి పెట్టెకూ ఫారం నింపుతాం, ప్రతి చుక్కనూ గీతల మధ్య ఉంచుతాం, ఆడిట్ రోజున ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వస్తాం. పని ఒత్తిడిలో ఏ శుక్రవారమైనా తమరికి పూజ తప్పిపోతే బెంగపెట్టుకోకండి. సోమవారం చేసి శుక్రవారం తేదీ వేస్తాం.